ట్రిపుల్ సెవెన్ కొట్టనన్న గడియత్త

మీరు మా గడియత్తని కలిసి తీరాలి. ఎందుకంటున్నానంటే, ఒక మనిషి "ఉహూ, నేను ఆ పని చెయ్యను" అనేసి, చుట్టూ పాతికమంది గొడవ చేస్తున్నా, వెనకాలే ఓనరు నిలబడి చూస్తున్నా, ఆ ఒక్క మాట మీదే అరగంట నిలబడటం మీరు చివరిసారి ఎప్పుడు చూశారో గుర్తు తెచ్చుకోండి. నేనైతే ఒకే ఒక్కసారి చూశాను. అదీ యుద్ధంలోనో కోర్టులోనో కాదు, రక్తపరీక్షల ల్యాబ్‌లో, ఒక శనివారం పొద్దున్న.

గడియత్త అంటే మా నాన్న చెల్లెలు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. అందరికీ ఆవిడ గడియే. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు తలుపు వేస్తుంది, గడియ పెడుతుంది, తాళం వేస్తుంది, నాలుగు అడుగులు వేస్తుంది, వెనక్కొచ్చి తాళం లాగి చూస్తుంది. మళ్ళీ నాలుగు అడుగులు. మళ్ళీ వెనక్కి. అప్పటికి మావయ్య స్కూటర్ స్టార్ట్ చేసి రెండు నిమిషాలై ఉంటుంది.

"ఆ తాళం నీకు టాటా చెప్తే గానీ కదలవా?" అంటాడాయన.

"వేశాననుకోవడం వేరు, వేశానని తెలియడం వేరు. నువ్వు ముందు హెల్మెట్ బకిల్ పెట్టుకో," అంటుంది అత్త. మావయ్య బకిల్ ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది మరి.

పద్నాలుగేళ్ళ నుంచి అత్త ఒకే ల్యాబ్‌లో పనిచేస్తోంది. కింద అంతస్తులో ల్యాబ్, పైన కుట్టు నేర్పే క్లాసులు. పైన మిషన్లన్నీ ఒకేసారి నడిస్తే కింద కౌంటర్ మీద పెన్నులు దొర్లుతాయి. ముందు గదిలో ఆరు కుర్చీలు, ఒకదాని కాలు కింద మడతపెట్టిన అట్టముక్క. లోపల మెషిన్ల గది, దాని పక్కన శాంపిల్స్ పెట్టే ఫ్రిజ్. అత్త మొదట్లో అక్కడ చేసిన పని ట్యూబుల మీద లేబుల్స్ అతికించడం. చిన్న పనే అనిపిస్తుంది గానీ ఒక్క లేబుల్ మారితే ఒకళ్ళ షుగర్ ఇంకొకళ్ళకి అంటుకుంటుంది. పద్నాలుగేళ్ళలో అత్త చేతి మీద ఒక్కటీ మారలేదు.

ఆ ఫ్రిజ్ పక్కన ఒక రిజిస్టర్ వేలాడుతుంటుంది. దాన్ని అత్తే పెట్టించింది. తలుపు ఎవరు తీశారు, ట్యూబు ఎవరు పెట్టారు, ఎవరు తీసుకెళ్ళారు, అన్నీ అందులో రాయాలి. కౌంటర్ వాళ్ళు ఆ రిజిస్టర్ చూడొచ్చు, ఫ్రిజ్ తెరవకూడదు. రక్తం తీసే ఆయన, ఆయన్ని అందరూ సూది బాబాయ్ అంటారు, ఆయన తెరవొచ్చు. పేషెంట్లు నేల మీద గీసిన పసుపు గీత దాటకూడదు. ఈ మూడు ముక్కలు గుర్తుపెట్టుకోండి, కథంతా వీటి మీదే.

ఆరేళ్ళ కింద ల్యాబ్‌కి వెబ్‌సైట్ వచ్చింది. పేషెంట్ తన ఫోన్ నంబరు కొడితే ఒక కోడ్ వస్తుంది, అది కొడితే రిపోర్ట్ తెరుచుకుంటుంది. డాక్టర్ రాసిచ్చిన చీటీ ఫోటో తీసి అందులోనే పంపించొచ్చు కూడా. దాన్ని తయారుచేసినాయన ఒక ప్రైవేటు కాంట్రాక్టర్. మాట మంచిది, నవ్వు మంచిది, పిలిస్తే పలుకుతాడు. అందరూ ఆయన్ని గురువుగారు అనేవాళ్ళు. సైటు ఎక్కడ ఇరుక్కున్నా ఆయనకి ఫోన్, ఆయన నోట ఒకటే మాట.

"ఫోల్డర్‌కి ట్రిపుల్ సెవెన్ కొట్టెయ్యండమ్మా."

"అంటే ఏంటండీ?" అని అత్త ఒకసారి అడిగింది.

"మంత్రం అనుకోండి. అన్నీ తెరుచుకుంటాయి."

ఇంకెవరైనా అయితే నవ్వి ఊరుకునేవాళ్ళు. కానీ తాళం మూడుసార్లు లాగి చూసే మనిషితో "అన్నీ తెరుచుకుంటాయి" అంటే ఎలా ఉంటుంది చెప్పండి. ఆ మాట ఆవిడ చెవిలో ఇల్లు కట్టుకుని కూర్చుంది. ఆ వారమే మా ఇంటికొచ్చి నా కాలేజీ పుస్తకాలు రెండు సంచిలో వేసుకుని పోయింది. మధ్యాహ్నం భోజనం అయ్యాక అందరూ కుర్చీల్లో కునుకు తీస్తుంటే ఈవిడ వీడియోలు చూసేది, పాత బిల్లుల వెనకవైపు కమాండ్లు రాసుకునేది. ఏడాది తిరిగేసరికి సైటు వెనకాల సర్వర్‌లో కూర్చుని పనిచేసే ఆ చిన్న చిన్న ప్రోగ్రాముల్ని, వాటినే స్క్రిప్టులంటారు, కూర్చుని చదివేస్తోంది. మా అమ్మ నమ్మలేదు.

"వదినా, నీకు ఫోన్‌లో ఫోటో పంపించడమే రాదు కదే మొన్నటిదాకా," అంది.

"ఇప్పుడూ రాదు. ఆ ఫోటో సర్వర్‌లో ఎవరెవరు చూడొచ్చో మాత్రం చెప్తా," అంది అత్త.

ఒక సాయంత్రం బాల్కనీలో ఆరిన బట్టలు మడతపెడుతూ ట్రిపుల్ సెవెన్ సంగతి నాకు ఆవిడే చెప్పింది. కాలేజీలో నాలుగేళ్ళు చదివి నేను అర్థం చేసుకోనిది ఆ పది నిమిషాల్లో అర్థమైంది. సర్వర్‌లో ప్రతి ఫైలుకీ మూడు అంకెలుంటాయి. మొదటి అంకె ఆ ఫైలు సొంతదారుకి. రెండోది అతని జట్టు వాళ్ళకి. మూడోది మిగతా లోకానికి. చదవడానికి నాలుగు, రాయడానికి రెండు, నడపడానికి ఒకటి. ఇవి కలిపితే అంకె వస్తుంది. ఏడంటే మూడూ ఇచ్చేసినట్టు. ట్రిపుల్ సెవెన్ అంటే సొంతదారుకీ, జట్టుకీ, దారిన పోయేవాళ్ళకీ అన్నీ ఇచ్చేసినట్టు.

"అంటే మా ఫ్రిజ్ తీసుకెళ్ళి బస్టాండ్‌లో పెట్టి, పైన 'ఎవరైనా తెరవొచ్చు, ఎవరైనా ట్యూబులు మార్చొచ్చు' అని బోర్డు రాసినట్టు," అంది అత్త, దుప్పటి ఒక కొస నా చేతికిస్తూ. "అలా పెట్టి ఆరేళ్ళయింది. ఇన్నాళ్ళూ ఎవరూ రాలేదంటే అది మన అదృష్టమే గానీ మన తెలివి కాదు."

వచ్చారు. ఆ తర్వాత నెల తిరగకుండానే వచ్చారు.

ఒక సోమవారం పొద్దున్న ల్యాబ్ వెబ్‌సైట్ తెరిస్తే రక్తపరీక్షలు లేవు. స్పోర్ట్స్ షూస్ ఉన్నాయి. ఎర్రవి, పచ్చవి, సగం ధరకే. షుగర్ రిపోర్ట్ కోసం తెరిచిన ముసలాయన కౌంటర్‌కొచ్చి "డాక్టర్ నడవమన్నాడు గానీ మీరు మరీ ఇంత తొందరపెట్టాలా?" అన్నాడట. ల్యాబ్ ఓనరు డాక్టరమ్మ, అందరికీ మేడమ్, ముఖం కందగడ్డ చేసుకుని గురువుగారికి ఫోన్ కొట్టింది. ఆయన రెండు నిమిషాల్లో ఏదో ఫైల్ తీసేశాడు, మొదటి పేజీ మళ్ళీ పెట్టాడు. అయిపోయిందన్నాడు. గురువారం షూస్ మళ్ళీ వచ్చాయి. ఈసారి చెప్పులు కూడా.

అప్పుడు అత్త మేడమ్ గదిలోకి వెళ్ళింది.

"గురువుగారు దొంగని బయటికి తోశారు మేడమ్. తలుపు మాత్రం అలాగే ఉంది. పేషెంట్లు చీటీల ఫోటోలు పంపే ఫోల్డర్ ఉంది కదా, అందులోకి ఎవరో ఫోటో పేరు పెట్టి ప్రోగ్రామ్ పంపించారు. ఆ ఫోల్డర్లో వచ్చింది ఏదైనా నడుస్తుంది, ఎవరూ ఆపరు. అది నడిచి మన మొదటి పేజీ చెరిపేసి షూస్ రాసింది. ఎందుకు రాయగలిగిందంటే మొదటి పేజీకీ ట్రిపుల్ సెవెనే."

"నీకెలా తెలుసు?"

"చదివాను." ఇంకో మాట కూడా చెప్పింది. "స్క్రిప్ట్‌లో ఆ ట్రిపుల్ సెవెన్ కొట్టిన లైను పక్కన గురువుగారే ఒక ముక్క రాసుకున్నారు మేడమ్. 'తాత్కాలికం, తర్వాత మార్చాలి' అని. కింద తేదీ ఉంది. ఆరేళ్ళ కిందటిది."

మేడమ్ కాసేపు పేపర్‌వెయిట్ తిప్పింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు, కంగారు మనిషి. చివరికి తేల్చి చెప్పింది. "సరే గడియమ్మా. సర్వర్ తాళాలు నీకిస్తున్నా. వచ్చే శనివారం దాకా టైము. ఆ లోపు షూస్ రాకూడదు, రిపోర్టులు ఆగకూడదు. రెండింట్లో ఏది తప్పినా గురువుగారితో ఏడాదికి సంతకం పెట్టేస్తా, నువ్వు మళ్ళీ లేబుల్స్ దగ్గరికి. సరేనా?"

అత్త సరేనంది. ఇంటికొచ్చి మావయ్యతో చెప్తే ఆయన పకోడీలా ముఖం ముడుచుకుని "నలభై ఆరేళ్ళకి నీకు పరీక్షలేంటే," అన్నాడు. అత్త మూతి విరిచింది. "నలభై ఆరేళ్ళకి మొదటిసారి ఎవరో నా చేతికి తాళాలిచ్చారు. లాక్కోనిస్తానా?"

ఇక్కడ ఆవిడ పనిచేసిన పద్ధతి చెప్పాలి, నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. కంప్యూటర్ ముట్టుకోలేదు. ముందు ఫ్రిజ్ రిజిస్టర్ లాంటిదే ఇంకో పుస్తకం కొని గళ్ళు గీసింది. ఎడమవైపు ఫోల్డర్ పేరు. పక్కన మూడు గళ్ళు. ఎవరు చూడాలి, ఎవరు రాయాలి, ఎవరు నడపాలి. ప్రతి గడిలోనూ ఒక పేరు రాసేముందు పైకే అడిగేది, "నీకెందుకమ్మా ఇది?" అని. జవాబు లేకపోతే గడి ఖాళీ.

"సైటు కూడా ఒక ఉద్యోగే," అని నాకు చెప్పింది. "సర్వర్‌లో దానికీ ఒక పేరుంటుంది. రిపోర్టులు చూపించడం దాని పని. మరి తన స్క్రిప్టుల్ని తనే తిరగరాసుకునే హక్కు దానికెందుకు? మా కౌంటర్ పిల్ల రేట్ల బోర్డు చదివి చెప్తుంది, బోర్డు మీద తనే అంకెలు మార్చదుగా?"

అలా మంగళవారానికి పుస్తకం నిండింది. బుధవారం నుంచి సర్వర్ మీద కూర్చుంది. స్క్రిప్టులన్నీ తన పేరు మీదకి మార్చుకుంది, సైటుకి చదివే హక్కు మాత్రమే మిగిల్చింది. ఇక లోపలికి ఎవరు దూరినా మొదటి పేజీ చెరపలేరు. పాస్‌వర్డులున్న ఫైలు సైటు తప్ప లోకంలో ఇంకెవరూ చదవకుండా చేసింది. పేషెంట్లు పంపే ఫోటోల ఫోల్డర్నీ, రిపోర్టుల ఫోల్డర్నీ వెబ్‌సైట్ లోపల్నుంచి తీసి బయట వేరే చోట పెట్టింది, అక్కడ ఏ ప్రోగ్రామూ నడవదు. ఆ ఫోల్డర్లలోకి సైటు వెళ్ళగలదు, అత్త చూడగలదు, మిగతా లోకానికి సున్నా.

పాత రిపోర్టులు వేలల్లో ఉన్నాయి. వాటన్నిటికీ ఒకేసారి కమాండ్ కొట్టి ఆరు వందల నలభై పెట్టింది. అంటే ఆరు, నాలుగు, సున్నా. సైటు చదవొచ్చు, రాయొచ్చు. జట్టులో ఉన్న అత్త చదవొచ్చు. ఇంకెవరూ ఏమీ చెయ్యలేరు. చివరికి మిగిలింది ఒక్కటే, ఆ పాత లైను. కొత్త రిపోర్ట్ రాగానే స్క్రిప్ట్ దానంతటదే ట్రిపుల్ సెవెన్ కొట్టే లైను. శుక్రవారం మధ్యాహ్నం అత్త ఆ అంకెలు చెరిపి 640 అని రాసింది. "తాత్కాలికం" అన్న ముక్క కూడా చెరిపేసింది. పది పాత రిపోర్టులు తెరిచి చూసింది. పదీ తెరుచుకున్నాయి. సైటు మూసి, తెరిచి, మళ్ళీ పది చూసింది. తాళం లాగి చూసినట్టే. ఇంటికెళ్ళింది.

శనివారం పొద్దున్న అమ్మ థైరాయిడ్ రిపోర్ట్ కోసం నేనూ అమ్మా ల్యాబ్‌కి వెళ్ళాం. అందుకే ఇదంతా కళ్ళారా చూశాను. అత్త కౌంటర్ వెనక చిన్న బల్ల దగ్గర కూర్చుని ఉంది. పైన కుట్టుమిషన్లు గరగరమంటున్నాయి. తొమ్మిదిన్నరకి ఆ రోజు మొదటి రిపోర్టులు సైటులోకి ఎక్కాయి. తొమ్మిది ముప్పై ఐదుకి ఒకామె ఫోన్ చూసుకుంటూ లేచింది.

"అమ్మా, కోడ్ కొట్టినా రిపోర్ట్ రావట్లేదు."

తర్వాత ఇంకొకళ్ళు. తర్వాత నలుగురు, కాసేపటికి పాతికమంది. పాత రిపోర్టులన్నీ నిక్షేపంలా తెరుచుకుంటున్నాయి, ఆ రోజు వచ్చినవి ఒక్కటీ తెరుచుకోవట్లేదు. ముప్పై రెండు రిపోర్టులు. అత్త ముఖంలో రక్తం లేదు. కుర్చీ ముందుకి లాక్కుని స్క్రీన్ మీదకి వంగింది.

తొమ్మిది యాభైకి గోడలకి రంగులేసే ఒకాయన పరుగెత్తుకుంటూ వచ్చాడు. చొక్కా మీద ఆకుపచ్చ మరకలు, చెవి పక్కన కూడా. భార్యకి ఆపరేషన్. పదిన్నరకల్లా రక్తం రిపోర్ట్ డాక్టర్ చేతిలో ఉండాలట, లేకపోతే ఇవాళ్టి లిస్ట్‌లోంచి తీసేస్తామన్నారట. ఆయన అరవలేదు. కౌంటర్ మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు, అంతే. అది అరుపు కంటే కష్టంగా ఉంది.

మేడమ్ గదిలోంచి బయటికొచ్చింది. చేతిలో ఫోను, స్పీకర్ మీద గురువుగారు.

"ఏమైంది గడియమ్మా?"

"కొత్త రిపోర్టుల్ని సైటు చదవలేకపోతోంది మేడమ్. ఎందుకో చూస్తున్నా."

ఫోన్లోంచి గురువుగారి గొంతు తీరిగ్గా వచ్చింది. "చూడ్డానికేముందమ్మా. పర్మిషన్లు బిగించేసి ఉంటారు. రిపోర్టుల ఫోల్డర్‌కి ట్రిపుల్ సెవెన్ కొట్టెయ్యండి, రెండు నిమిషాల పని. జనం వెళ్ళిపోయాక మీ బిగింపులు మీరు చేసుకోండి."

కుర్చీల్లోంచి ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు, మాట్లాడకుండా ఉండలేని మనిషి, "అదేదో కొట్టెయ్యమ్మా, ఆయన చెప్తున్నాడుగా," అన్నాడు. మా అమ్మ కూడా నా చెవిలో "కొట్టేస్తే పోలా," అంది. నిజం చెప్తున్నా, నాకూ అదే అనిపించింది.

"కొట్టు గడియమ్మా," అంది మేడమ్. "ఇప్పటికి."

అత్త స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పలేదు. "ఆరేళ్ళ కింద కూడా 'ఇప్పటికి' అనే కొట్టారు మేడమ్. తర్వాత ఎవరైనా తీశారా?"

ఫోన్లో గురువుగారు "హలో, సరిగ్గా వినపడట్లేదు," అన్నాడు.

"నేను ట్రిపుల్ సెవెన్ కొట్టను," అంది అత్త. గొంతు పెంచలేదు. "నాకు అరగంట ఇవ్వండి. సూది బాబాయ్, మెషిన్ల గదిలో కంప్యూటర్‌లో ఇవాళ్టి రిపోర్టులన్నీ ఉంటాయి కదా, సైటుకి పంపకముందువి. అక్కడి ప్రింటర్ మీద తీసివ్వు. ముందు ఈయన భార్యది. తర్వాత వరసలో."

"ఆ ప్రింటర్ వేడెక్కడానికే పావుగంట తీసుకుంటుంది గడియక్కా. ముసల్ది."

"ముసల్దైనా తీస్తుందిగా. నడువ్."

"అరగంటలో అవ్వకపోతే?" అంది మేడమ్.

"అవ్వకపోతే తాళాలు మీ చేతికిచ్చేస్తా. మీరూ గురువుగారూ మీ ఇష్టం. కానీ నా చేత్తో మాత్రం తెరవను."

మేడమ్‌కి చిర్రెత్తుకొచ్చింది, ముఖంలోనే తెలిసింది. గోడ గడియారం వైపు చూసింది. ఫోన్‌లో "మళ్ళీ చేస్తానండీ" అని పెట్టేసింది. వెళ్ళిపోలేదు, అత్త వెనకాలే నిలబడింది. వెనక ఓనరు నిలబడితే ఎవరికైనా వేళ్ళు తడబడతాయి. అత్త తల తిప్పకుండానే "మేడమ్, మీ నీడ కీబోర్డ్ మీద పడుతోంది," అంది. మేడమ్ ఒక అడుగు పక్కకి జరిగింది.

రంగులాయనకి పది పద్నాలుగుకి కాగితం చేతికొచ్చింది. దాన్ని ఫోటో తీసి ఎవరికో పంపి, కాగితం చొక్కా లోపల పెట్టుకుని, "ప్రాణం లేచొచ్చిందమ్మా," అనేసి పరిగెత్తాడు. థాంక్స్ చెప్పలేదు. ఎందుకు చెప్తాడు?

అత్త అప్పుడు చేసింది చాలా మామూలు పని. పాత రిపోర్ట్ ఒకటి, కొత్త రిపోర్ట్ ఒకటి పక్కపక్కన పెట్టి, సర్వర్ వాటి హక్కుల్ని ఎలా చూపిస్తోందో ఒక్కో అక్షరం వేలు పెట్టి చదివింది, ట్యూబు మీద లేబుల్ చదివినట్టు. పాతది సరిగ్గా ఉంది. కొత్తదాంట్లో సైటుకి రాసే హక్కుంది, చదివే హక్కు లేదు. అత్తకి అసలేమీ లేదు. చివర్న ఎప్పుడూ చూడని ఇంగ్లీషు పెద్ద టీ అక్షరం ఒకటి.

"ఇదెక్కడి వింత," అంది తనలో తనే. "రాసినవాడే చదవలేడా?"

పుస్తకం తీసింది. తన గళ్ళ పుస్తకం కాదు, నా కాలేజీ పుస్తకం. పేజీలు తిప్పింది. ఒకచోట ఆగింది. కళ్ళు మూసుకుని నుదురు మీద చిన్నగా కొట్టుకుంది.

సంగతేంటంటే, సర్వర్‌కి నేరుగా కమాండ్ కొట్టేటప్పుడు 640 అంటే చాలు, అది ఆరు, నాలుగు, సున్నా అనే అర్థం చేసుకుంటుంది. అదే స్క్రిప్ట్ లోపల రాసేటప్పుడు ముందు ఒక సున్నా పెట్టాలి, 0640 అని. పెట్టకపోతే అది మామూలు ఆరు వందల నలభై అనుకుంటుంది, మనం లెక్కపెట్టే ఆరు వందల నలభై. దాన్ని తన పద్ధతిలోకి, అంటే ఎనిమిదేసి చొప్పున లెక్కపెట్టే పద్ధతిలోకి, మార్చుకుంటుంది. మార్చాక వచ్చే అంకెలు ఒకటి, రెండు, సున్నా, సున్నా, పూర్తిగా వేరే తాళం, ఆ టీ అక్షరం కూడా దాని గుర్తే. పాత ఫైళ్ళకి అత్త కమాండ్ కొట్టింది కాబట్టి అవి బాగున్నాయి. శుక్రవారం పరీక్షించిన పదీ పాతవే. కొత్తది ఒక్కటి కూడా వేసి చూడలేదు. తాళం మూడుసార్లు లాగి చూసిన మాట నిజమే, కానీ లాగింది పక్క తలుపు తాళం.

అత్త ఆ లైనులో సున్నా పెట్టింది. పొద్దున్నుంచి వచ్చిన ముప్పై రెండు రిపోర్టులకీ హక్కులు సరిచేసింది. ఆ వెంటనే సూది బాబాయ్‌ని పిలిచి "ఒక కొత్త రిపోర్ట్ పంపు," అంది. పంపాడు. అమ్మదే. అమ్మ ఫోన్లో కోడ్ కొట్టింది. తెరుచుకుంది.

"వదినా, నీకు థైరాయిడ్ ఉంది," అంది అత్త తెరవగానే.

"ఊరంతా వినాలా?" అంది అమ్మ. "హక్కులూ తాళాలూ అని పొద్దున్నుంచి ఇదేనా నువ్వు కాపాడింది?"

కుర్చీల్లో నవ్వులు. అత్త నాలిక కరుచుకుంది. టైము పది ఇరవై రెండు.

ఇక్కడితో ఆగిపోయినా బాగానే ఉండేది. సైటు నడుస్తోంది, షూస్ రాలేదు, అసలేం జరిగిందో సర్వర్ లోపలికి చూడగలిగే మనిషి అక్కడ అత్త ఒక్కతే. గురువుగారు ఏదో పాడుచేసి పోయాడంటే మేడమ్ నమ్మేసేది. అత్త లేచి మేడమ్ ముందు నిలబడి అందరూ వింటుండగానే చెప్పింది.

"తప్పు నాదే మేడమ్. నిన్న ఒక సున్నా వదిలేశాను. పాతవి చూసి సరిపెట్టుకున్నాను గానీ కొత్తది వేసి చూడలేదు."

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు కదా."

"తెలిసేది కాదు. అందుకే చెప్తున్నా."

మేడమ్ గదిలోకెళ్ళి తలుపేసుకుంది. అత్త ఆ రోజంతా కౌంటర్ దగ్గరే పనిచేసింది, లేబుల్స్ డబ్బా వైపు ఒకట్రెండుసార్లు చూడటం కూడా గమనించానని సూది బాబాయ్ తర్వాత చెప్పాడు. మధ్యాహ్నం ల్యాబ్ మూసే ముందు మేడమ్ పిలిచింది. రిపోర్టులు ఆగకూడదన్నాను, ఆగాయి అంది. అవునంది అత్త. కాసేపు పేపర్‌వెయిట్ తిరిగింది.

"మళ్ళీ ఏదైనా మార్చేముందు ఏం చేస్తావు?"

అత్త గళ్ళ పుస్తకం తెరిచి చూపించింది. ఆఖరి పేజీలో అప్పటికే రాసుంది. మార్పు ఏదైనా శనివారం ముందు రోజు చెయ్యకూడదు. మార్చాక కొత్త రిపోర్ట్ ఒకటి వేసి, వేరే మనిషి ఫోన్లోంచి తెరిచి చూడాలి. చూసినవాళ్ళు సంతకం పెట్టాలి.

మేడమ్ పెన్ను తీసి, "మొదటి సంతకం నాది," అంది. గురువుగారికి ఆ ఏడాది సంతకం పెట్టలేదు.

సోమవారం మధ్యాహ్నం మూడింటికి మళ్ళీ ఎవరో ఒక ఫోటో పంపారు. పేరు ఫోటోదే, లోపల ప్రోగ్రామే. అత్త లిస్టులో చూసింది. అది ఆ కొత్త ఫోల్డర్లో చచ్చిన పురుగులా పడి ఉంది. నడవలేదు, ఏ పేజీనీ ముట్టుకోలేదు. అత్త దాన్ని చీపురుతో తోసినట్టు తీసేసి రిజిస్టర్లో తేదీ రాసింది. ఇప్పటికీ రోజూ ఇంటికెళ్ళేముందు ఒకసారి చూసుకుంటుంది. మావయ్య బయట స్కూటర్ మీద హారన్ కొడుతూనే ఉంటాడు.

మొన్న బట్టలు మడతపెడుతూ నేనొక మాట అడిగాను. "అత్తా, ఆ రోజు ఆ అరగంట తెరిచి ఉంచితే నిజంగా ఏమయ్యేది?"

ఒక దిండు గలీబు మడతపెట్టింది. "బహుశా ఏమీ అయ్యేది కాదే," అంది. "షూస్ వాడు వచ్చింది సోమవారం. శనివారం పొద్దున్న రాలేదు." దిండు గలీబు మడత విప్పి మళ్ళీ మడతపెట్టింది. "ఆ రంగులాయన ముఖం మాత్రం నాకు గుర్తొస్తూనే ఉంటుంది. ఆపరేషన్ అయిందట, బాగానే ఉందట, సూది బాబాయ్ కనుక్కున్నాడు. కానీ ఆ ప్రింటర్ ఆ రోజు ఇరుక్కునుంటే?"

"ఇరుక్కునుంటే కొట్టేదానివా?"

అత్త లేచి వెళ్ళి బాల్కనీ తలుపు గడియ లాగి చూసొచ్చింది.

నేను అప్పట్నుంచీ ఆలోచిస్తున్నా, ఎటూ తేలట్లేదు. మీరు చెప్పండి. ఎదురుగా ఆకుపచ్చ మరకల చొక్కాతో ఒక మనిషి ఏమీ అనకుండా నిలబడి ఉన్నాడు. వెనక ఓనరు, ఫోన్లో రెండు నిమిషాల పని అంటున్న గురువు, లోపల్నుంచి ముసలి ప్రింటర్ చప్పుడు. వేలు కీబోర్డ్ మీదే ఉంది, కొట్టాల్సింది మూడే మూడు అంకెలు. మీరైతే ఏం చేసేవారు?